అమ్మ చీర చెంగు

తల్లి పాత నూలుచీర ముక్క చేతిలో లేనిదే నిద్రపోని పసివారు తెలుగు ఇండ్లలో అరుదు కాదు. ఆ గుడ్డ మాసినా, చిరిగినా వారికి అదే కావాలి. ఉతికితే ఏడుస్తారు. వారి ధైర్యమంతా ఆ వాసనలోనే ఉంది మరి! పెద్దలు దీనిని మొండితనమంటారు. అది తొందరపాటు తీర్పు.

ఇంగ్లండుకు చెందిన శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1951లో ఈ విషయమై ఒక పత్రం చదివాడు. తల్లి వేరు, తాను వేరు అనే ఎరుక శిశువుకు క్రమంగా కలుగుతుంది. ఆ ఎడబాటును ఓర్చుకొనడానికి శిశువు తానే ఎన్నుకొన్న ఆసరా ఈ వస్తువని ఆయన భావించాడు. దానిని మార్చే హక్కు శిశువుదే కాని పెద్దలది కాదన్నాడు. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు హ్యారీ హార్లో ప్రకటించిన ప్రయోగాలలో కోతిపిల్లలు పాలిచ్చే తీగబొమ్మను విడిచి, ఎక్కువసేపు మెత్తని గుడ్డబొమ్మనే కరచుకొని ఉన్నాయి. వాటిని తల్లులనుండి వేరుచేయడంలోని క్రౌర్యం వేరే చర్చ.

అయినా పెద్దలు కలుగజేసుకోవలసిన సందర్భాలు లేకపోలేదు. ఏడాది నిండని శిశువు పడకలో వదులు గుడ్డలు, మెత్తని బొమ్మలు ఉంచరాదు, ఊపిరాడని ప్రమాదముంది. బొమ్మకున్న గుండీలు, పూసలు తీసివేయాలి. బడి ఈడు వచ్చిన బిడ్డ ఆటపాటలను, తోటివారిని విడిచి ఆ గుడ్డతో మూల కూర్చుంటే, గుడ్డను లాగుకొనడం కాక భయానికి కారణం వెదకాలి. ఇల్లు మారడమో, తమ్ముడు పుట్టడమో, కొట్టే పంతులో ఆ కారణం కావచ్చు. చాటుగా పారవేసి, కాకి ఎత్తుకుపోయిందని చెప్పడం అన్నింటికంటె చెడ్డది. బిడ్డ గుడ్డతోబాటు పెద్దల మాటపై నమ్మకాన్నీ పోగొట్టుకొంటుంది. అదే చీరనుండి రెండు ముక్కలు తీసి, మార్చిమార్చి ఉతకడం తెలివైన ఉపాయం.

కాలక్రమంలో ఆ వస్తువు తనంతతానే ప్రాముఖ్యం కోల్పోతుందని, దానికై పిల్లలు విలపించరని వినికాట్ గమనించాడు.