మలుపులో రెండు చక్రాలు

హైదరాబాదులోని సనత్‌నగర్‌కూ చక్రాలకూ పాత స్నేహం ఉంది. 1942లో ఏర్పడిన ఆల్విన్ కంపెనీ ఒకప్పుడు ఇక్కడ బస్సుల బాడీలు తయారుచేసేది. ఇక్కడి రైల్వే స్టేషన్ దగ్గర మౌలాలి వైపు వెళ్ళే లైను విడిపోతుంది. మీరు ఈ పేటలో ఏదైనా సందు మొదట్లో నిలబడి, మలుపు తిరిగే కారు వెనుక చక్రాలను గమనించండి. రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నట్లు కనిపిస్తాయి. కాని అది నిజం కాదు!

ఎందుకో లెక్క వేసి చూద్దాం. వెనుక చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకోండి. కారు ఎడమవైపు సందులోకి తిరుగుతోంది. ఎడమ చక్రం 6 మీటర్ల వ్యాసార్ధంతోను, కుడి చక్రం 7.4 మీటర్ల వ్యాసార్ధంతోను పావు వృత్తం గీస్తాయి. ఎడమ చక్రం నడిచిన దూరం 9.4 మీటర్లు, కుడి చక్రం నడిచిన దూరం 11.6 మీటర్లు. తేడా 2.2 మీటర్లు. చక్రం వ్యాసం 65 సెంటీమీటర్లయితే, చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అంటే ఆ ఒక్క మలుపులోనే బయటి చక్రం లోపలి దానికంటే ఒక చుట్టుకు పైగా ఎక్కువ తిరగాలన్న మాట!

ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. ఇరుసు కదలకుండా ఉంటుంది. చక్రాలు దానిమీద దేనికది తిరుగుతాయి. కాని అంబాసిడర్ వంటి పాత కార్లలో వెనుక చక్రాలను ఇంజను తిప్పుతుంది. ఒకే ఇంజను రెండు చక్రాలను రెండు వేగాలతో తిప్పడమెలా?

దీనికి ఉపాయమే డిఫరెన్షియల్. ఆవిరి బండి కోసం ఫ్రాన్సు దేశీయుడు పెకర్ 1828లో దీనికి పేటెంటు పొందాడు. వెనుక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప గుండు లోపల ఇది ఉంటుంది. ఇంజను నుంచి వచ్చిన కడ్డీ చివరనున్న పినియన్, క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌కు బిగించిన పెట్టెలో చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. వాటికి చెరొక పక్కనా ఒక్కో పళ్ళచక్రం, దానినుంచి రోడ్డు చక్రం దాకా ఒక్కో షాఫ్టు ఉంటాయి.

కారు తిన్నగా పోయేటప్పుడు చిన్న పళ్ళచక్రాలు తమ చుట్టూ తాము తిరగవు; పెట్టెతోపాటు ప్రదక్షిణం చేస్తూ రెండు షాఫ్టులనూ సమానంగా తిప్పుతాయి. మలుపులో తమ చుట్టూ తాము కూడా తిరుగుతాయి. అప్పుడు ఒక వైపు తగ్గిన వేగం రెండవ వైపు చేరుతుంది. క్రౌన్ నిమిషానికి 100 చుట్లు తిరిగితే, లోపలి చక్రం 90, బయటి చక్రం 110 తిరగవచ్చు. సగటు మాత్రం ఎప్పుడూ 100!

ఇంత తెలివైన యంత్రానికీ ఒక లోపం ఉంది. ఒక చక్రం బురదలో, రెండవది గట్టి నేలమీద ఉన్నాయనుకోండి. బురదలోని చక్రం 200 చుట్లు, గట్టి నేల మీది చక్రం సున్నా చుట్లు! సగటు 100 సరిపోయింది కాని బండి మాత్రం కదలదు.

అందుకే పందెపు కార్లవాళ్ళు కొందరు లోపలి చిన్న పళ్ళచక్రాలను వెల్డింగ్ చేసి అతికించేస్తారు. ఇక రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. మూసి ఉన్న పందెపు మైదానంలో కారును కావాలని జార్చేవారికి ఇది పనికివస్తుంది. ఖర్చూ తక్కువే. మరి అదే కారును పాత మోజుతో నగరం రోడ్డు మీదికి తెస్తే?

మన 2.2 మీటర్లు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. టైరు ఆ దూరాన్ని రోడ్డుకు ఒరుసుకుంటూ జారవలసిందే. ప్రతి మలుపులోనూ టైరు అరుగుతుంది, షాఫ్టులు మెలిపడతాయి. రెండు వెనుక చక్రాలూ కారును తిన్నగా నెడుతుంటాయి గనుక స్టీరింగు తిప్పినా కారు తేలికగా తిరగదు. వాన నీళ్ళ మీద ప్రమాదం ఇంకా ఎక్కువ. మామూలు కారులో ఇంజను బలానికి ఒక చక్రం జారినా, రెండవది నేలను పట్టుకుని కారు వెనుక భాగాన్ని ఆపుతుంది. ఇక్కడ రెండూ ఒకేసారి పట్టు తప్పుతాయి. కారు తోక ఒక్కసారిగా పక్కకు విసురుతుంది. ఆ పక్కన సైకిలు మీద మీరే ఉండవచ్చు! అతుకు విరిగి, ఆ ముక్క పళ్ళ మధ్య ఇరుక్కుంటే, వెనుక చక్రాలు రెండూ బిగుసుకుపోవచ్చు. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి కూడా వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద నేరం.

“మరి రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కదా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న! రైలు చక్రం అంచు కొద్దిగా శంకువు ఆకారంలో, ఏటవాలుగా ఉంటుంది. వంపులో ఇరుసు కాస్త బయటికి జరిగి, బయటి చక్రం పెద్ద వ్యాసం మీద, లోపలిది చిన్న వ్యాసం మీద దొర్లుతాయి. వంపు మరీ ఎక్కువైతే ఈ ఉపాయం చాలదు. అప్పుడు చక్రం పట్టామీద జారి కీచుమంటుంది.

ట్రాక్టరుది మరో దారి. దమ్ము చేసే పొలంలో చక్రం కూరుకుపోతే, రైతు డిఫరెన్షియల్ లాకు నొక్కి రెండు చక్రాలనూ కలుపుతాడు. మలుపు తిరిగే ముందు వదిలేస్తాడు. వెల్డింగ్‌కూ లాకుకూ తేడా ఇదే: లాకును వదలవచ్చు, అతుకును వదలలేము.

ప్రయోగం: పాత రబ్బరు చెప్పునుంచి సమానమైన రెండు చక్రాలు కోయండి. ఖాళీ పెన్ను గొట్టంలోంచి వెదురు పుల్లను దూర్చి, రెండు చివరలా చక్రాలను గట్టిగా గుచ్చండి. గొట్టాన్ని పట్టుకుని, పల్చగా ముగ్గుపిండి చల్లిన నేలమీద చిన్న వంపులో తోయండి. తరువాత ఒక చక్రం రంధ్రాన్ని వదులు చేసి, అది ఊడిపోకుండా శీలలాగా ఒక గుండుసూది గుచ్చి, మళ్ళీ తోయండి. ఎప్పుడు జాడలు శుభ్రంగా పడ్డాయి? ఎప్పుడు పిండి చెదిరింది?

ఇక మీకొక లెక్క: లోపలి చక్రం 6 మీటర్లకు బదులు 20 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, పావు వృత్తంలో తేడా ఎంత? జవాబు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది!