పద్దులు వ్రాసిన చేయి

పాట వ్రాయుట కొందరికి వృత్తి. మరికొందరికి అది దినమెల్ల పనిచేసిన పిదప దొరకు విశ్రాంతి. పాటతో జీవనము గడపువారి పేళ్లు గ్రంథములందు నిలుచును. పగలు కార్యాలయమున కూర్చుండి, రాత్రి నలుగురు చేరుచోట తాను కట్టిన పాటను పాడుకొనువాని పేరు సాధారణముగా ఆ వీధి దాటదు. అంతమాత్రమున అతని పాట తక్కువదని తలపరాదు. అట్టివాని పాట ఒకటి, వ్రాసినవానికే తెలియకుండ సముద్రములు దాటిపోయిన వృత్తాంతమును ఈ పాఠమున తెలిసికొందము.

ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో 1950 తరువాత జానపద గానమునందు యువకులకు క్రొత్త మక్కువ పుట్టెను. దానికి దారి తీసినవానిలో ముఖ్యమైనది స్కిఫిల్ అను తేలిక సంగీతము. దానికి ఖరీదైన వాద్యములు అక్కరలేదు. ఒక చౌక గిటారు, బట్టలు రుద్దు రేకుపలక, తేయాకుపెట్టెపై కర్ర నిలిపి త్రాడు బిగించిన మంద్రవాద్యము ఉన్నచో చాలును. 1956లో లానీ డోనెగన్ అను గాయకుడు ఈ గానముతో దేశమంతట పేరు పొందగా, వేలకొలది బాలురు గిటారు చేతబట్టిరి. ఆ మోజు కొలది యేండ్లకే చల్లారెను. కాని గిటారు పట్టినవారిలో పలువురు తమ తాతలనాటి పాటల వైపు మరలిరి. వారు కూడుకొనుటకై ఊరూర వెలసినవే ఫోక్ క్లబ్బులు, అనగా జానపద గాన సంఘములు.

ఈ సంఘములలో చాలవానికి సొంత భవనములు లేవు. మద్యశాల మేడపై నున్న గదిని వారమునకొక రాత్రి పుచ్చుకొందురు. ద్వారముకడ స్వల్పమైన రుసుము వసూలు చేయుదురు. ఆ సొమ్ము ఆ రాత్రి పిలిపించిన అతిథిగాయకునకు చెల్లును. అతిథి పాడుటకు ముందు శ్రోతలలోనుండియే కొందరు లేచి ఒకటి రెండు పాటలు పాడుదురు. వీరికి ప్రతిఫలము లేదు. వడ్రంగియైనను, ఉపాధ్యాయుడైనను, గుమాస్తాయైనను పాడవచ్చును. కొన్నిచోట్ల అతిథియే ఉండడు. అందరును వలయముగా కూర్చుండి వంతులవారిగా పాడుదురు. పల్లవి వచ్చినప్పుడు గదియంతయు గొంతు కలుపును. మన భజనమందిరములలో ఒకరు చెప్పగా తక్కినవారు అందుకొను పద్ధతిని ఎరిగినవారికి ఇది వింతగా తోపదు.

క్రొత్తగా పాటలు కట్టువానికి ఇట్టి గది మంచి పాఠశాల. శ్రోతకును గాయకునకును నడుమ నాలుగు మూరల దూరము కూడ ఉండదు. చరణములు సాగదీసినచో కుర్చీలు కదలును. మాట మనసున నాటినచో గది నిశ్శబ్దమగును. తన పాటలో ఏది నిలుచునో ఏది నిలువదో కవికి అప్పటికప్పుడే తెలియును.

ఎరిక్ బోగల్ 1944 సెప్టెంబరు 23వ తేదీన స్కాట్లండులోని పీబుల్స్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి కొయ్యకోత పనివాడు. బ్యాగ్‌పైప్ అను తిత్తివాద్యమును వాయించెడివాడు. బోగల్ చిన్ననాటనే పద్యములు అల్లుట మొదలిడెను. బడి విడిచిన పిదప కూలిపని, గుమాస్తాపని చేసెను. గిటారు వాయించుట తనంతట తానే నేర్చుకొని, స్కిఫిల్ బృందములలో పాడెను. 1969లో ఆస్ట్రేలియాకు వలసపోయి, రాజధానియగు కాన్‌బెర్రా నగరమున నివాసమేర్పరచుకొని, జమాఖర్చులు చూచు ఉద్యోగమున కుదిరెను. పగలు పద్దులు, తీరిక వేళల పాటలు. అచ్చటి జానపద గాన సంఘములే ఆయనకు పరదేశమున బంధువర్గమైనవి.

1971లో కాన్‌బెర్రాలో పాతసైనికుల కవాతును ఆయన చూచెను. వారిలో మొదటి ప్రపంచయుద్ధమునాటి గాలిపొలి పోరాటమును జ్ఞాపకము చేయు వృద్ధులును ఉండిరి. 1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా, న్యూజిలాండు సైనికులు టర్కీ దేశపు గాలిపొలి తీరమున దిగిరి. ఎనిమిది నెలలు పోరాడియు కొండలు దాటలేక, డిసెంబరులో వెనుదిరిగిరి. ఆస్ట్రేలియా సైనికులే 8,000 మందికి పైగా మరణించిరి. ఏటేట ఏప్రిల్ 25న ఆ దేశము వారిని స్మరించును.

అప్పుడు వియత్నాములో మరియొక యుద్ధము సాగుచుండెను. ఆస్ట్రేలియానుండి ఆ యుద్ధమునకు సుమారు 60,000 మంది పోయిరి. 500 మందికి పైగా మరణించిరి. ఆ యుద్ధమును గూర్చి చెప్పవలెనని బోగల్ తలంచెను. కాని వియత్నాము ఎచ్చట నున్నదో కూడ పలువురికి సరిగా తెలియదు. గాలిపొలి కథ ప్రతి బడిపిల్లవానికిని తెలియును. కావున ఆయన నేటి దుఃఖమును నాటి కథలో పెట్టెను. శ్రోతకు తెలిసిన త్రోవను పట్టుకొని తెలియని చోటికి తీసికొనిపోవుట కవులెరిగిన ఉపాయమే.

ఆ పాట పేరు ‘అండ్ ది బ్యాండ్ ప్లేడ్ వాల్ట్‌జింగ్ మటిల్డా’. ‘వాల్ట్‌జింగ్ మటిల్డా’ అనునది బాంజో ప్యాటర్సన్ అను కవి 1895లో వ్రాసిన పాట. మూట భుజముపై వేసికొని తిరుగు ఒక దేశదిమ్మరి కథ అది. ఆస్ట్రేలియా ప్రజలు దానిని తమ జాతిగీతమువలె ప్రేమింతురు. బోగల్ పాటలో అట్లే స్వేచ్ఛగా తిరిగిన ఒక యువకుడు యుద్ధమునకు పోయి, రెండు కాళ్లును పోగొట్టుకొని తిరిగివచ్చి, ముసలితనమున ఇంటిముందు కూర్చుండి కవాతును చూచును. ఓడ కదలునప్పుడు వాద్యబృందము మటిల్డా పాటనే వాయించును. చచ్చినవారిని పూడ్చునప్పుడును అదియే. వికలాంగులు ఓడ దిగునప్పుడును అదియే. బాణీ మారదు, వినువాని గుండెలో దాని అర్థము మారుచుండును. ఈ పాటకు మొదట ఎనిమిది చరణములు ఉండెడివి. బోగల్ వానిని అయిదింటికి కుదించెను. తన మాటను తానే కొట్టివేయగల ధైర్యము రచయితకు అత్యవసరము.

1974లో బ్రిస్బేన్ నగరమున జరిగిన జాతీయ జానపదోత్సవమున పాటల పోటీ పెట్టిరి. ప్రథమ బహుమతి ఒక మేలైన గిటారు. బోగల్ వద్ద నున్నది చౌకరకపు గిటారు. ఆయన పోటీలో పాల్గొని ఈ పాటను పాడెను. పాట ముగిసిన క్షణమున సభలో చప్పుడు లేదు. తరువాత కరతాళధ్వనులు మిన్నుముట్టెను. అయినను న్యాయనిర్ణేతలు దానికి మూడవ బహుమతి మాత్రమే ఇచ్చిరి. శ్రోతలలో పలువురు ఈ తీర్పును ఆక్షేపించిరి. గిటారు రాలేదు గాని, ఆ ఆక్షేపణ వలన పాటను గూర్చి చర్చ పెరిగెను.

ఆ సభలో ఒక గాయని కూడ ఉండెను. ఆమె పాటను అడిగి నేర్చుకొని, దక్షిణ ఇంగ్లండులో జరిగిన ఒక ఉత్సవమున పాడెను. అచ్చట జూన్ టేబర్ అను ప్రసిద్ధ గాయని విని, 1976లో తన గ్రామఫోను రికార్డులో చేర్చెను. ఇది యేదియు బోగల్ ఎరుగడు. ఆ యేడు ఆయన బ్రిటనుకు పోగా, ఒక స్థానిక సంఘమువారు ‘ఆ పాట కట్టినవారు మీరే కదా, మా గదిలో పాడుడు’ అని పిలిచిరి. ఆయన ఆశ్చర్యపడెను. పాట ఆయనకంటె ముందే ఆ ఊరు చేరియుండెను!

పాటలో చరిత్రదోషములు కలవు. అందలి సైనికుడు సువ్లా అను చోట దిగినట్లు ఉన్నది. ఆస్ట్రేలియావారిలో అత్యధికులు దిగినది ఆంజాక్ కోవ్ అను రేవున. 1915లోనే అతనికి ఇనుప టోపీ ఇచ్చినట్లు ఉన్నది. అట్టి టోపీలు ఆ సైన్యమునకు 1916లో గాని రాలేదు. చదువరులు ఈ దోషములను ఎరిగియుండుట మంచిది. చరిత్రను పాటనుండి నేర్వరాదు. పాతసైనికుల సంఘమువారికి మొదట వేరొక ఆక్షేపణ ఉండెను. ఈ పాట సైనికులను కించపరచునని వారు తలంచిరి. అది యుద్ధమును నిందించునే గాని సైనికుని నిందింపదని కాలక్రమమున గ్రహించిరి. కాళ్లు పోగొట్టుకొన్నవాని పక్షమున నిలిచి మాటాడిన పాట వానికి శత్రువెట్లగును?

ఫ్రాన్సు, బెల్జియము దేశములలోని సైనిక సమాధులను చూచిన పిమ్మట బోగల్ ‘నో మాన్స్ లాండ్’ అను పాటను వ్రాసెను. పందొమ్మిదేండ్ల ప్రాయమున మరణించిన విల్లీ మెక్‌బ్రైడ్ అను సైనికుని సమాధికడ కూర్చుండి, అతనితో ముచ్చటించునట్లు సాగు ఆ పాట ఐర్లండులో ఇంటింట మ్రోగెను. తరువాతి కాలమున ఆయన పద్దుల ఉద్యోగము మాని గానమునే వృత్తిగా గైకొనెను. 1987లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఆయనను ‘ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా’ గౌరవముతో సత్కరించెను. కాని ఆయనకు పేరు తెచ్చిన తొలిపాట పద్దులు వ్రాయు దినములలో వ్రాసినదే యని మరువరాదు.

ఈ కథలో బోగల్ ఒక్కడే కథానాయకుడు కాడు. తీర్పును ఆక్షేపించిన శ్రోతలు, పాటను అడిగి నేర్చుకొని సముద్రము దాటించిన గాయని, మేడగదిలో కుర్చీలు సర్ది రుసుము వసూలు చేసిన సామాన్యులు, వీరెవ్వరును లేనిచో ఆ పాట కాన్‌బెర్రాలో ఒక కాగితముపై మిగిలెడిది. పాటను కట్టువాడు ఒకడు, మోయువారు పలువురు.

విద్యార్థులారా! మీ ఊరిలో నాట్లు వేయునప్పుడును, భజనలయందును, ఉత్సవములయందును పాడు పాటలు పెక్కు కలవు. వానిలో కొన్నింటిని కట్టినవారు మీ తాతల యెరుకలోనివారే కావచ్చును. ఒక పాట మీకు నచ్చినచో దానిని తప్పులేకుండ నేర్చుకొనుడు. ఎవరు కట్టిరని పెద్దలను అడుగుడు. పేరు తెలిసినచో, పాడుటకు ముందు ఆ పేరు చెప్పుడు.