ఇల్లు దొరికింది, ఊరు దొరకాలి: నేపర్‌విల్ పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఊరి గురించి. ఇల్లినాయ్ రాష్ట్రంలో, చికాగోకు పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేపర్‌విల్ అది. 1831లో జోసెఫ్ నేపర్ కొన్ని కుటుంబాలతో వచ్చి డుపేజ్ నది పక్కన వేసిన ఊరు. 1960లో అక్కడి జనాభా పదమూడు వేలకు మించలేదు. టోల్ రోడ్డు పడి, బెల్ ల్యాబ్స్ లాంటి పరిశోధన కేంద్రాలు వచ్చాక పొలాలు కాలనీలయ్యాయి. 2020 జనగణనలో జనాభా 1,49,540కి చేరింది. ఈ ఊళ్ళోనూ, ఆనుకుని ఉన్న అరోరాలోనూ తెలుగు కుటుంబాలు బాగానే స్థిరపడ్డాయి. మంచి బడి, శుభ్రమైన వీధి, చెట్లూ చేమలూ ఇలాంటి ఊరు ఇస్తుంది. మనుషుల తోడు, కాలినడకన తెమిలే పనులు మాత్రం మనమే ఏర్పాటు చేసుకోవాలి. కింది జవాబులన్నిటికీ ఇదే మూలం.

ప్రశ్న: నా ఆఫీసు చికాగో డౌన్‌టౌన్‌లో. వారానికి మూడు రోజులు వెళ్ళాలి. ఆఫీసు దగ్గరే చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఈమధ్యే పాప పుట్టింది. స్నేహితులు నేపర్‌విల్ వచ్చేయమంటున్నారు. రైలెక్కితే ముప్పావు గంటేనట. ఏకంగా ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోమంటారా?
— ఒక పాఠకుడు, చికాగో

జవాబు: రైలు మాట నిజమే. ఆఫీసు వేళల్లో మధ్య స్టేషన్లు వదిలేసి పోయే మెట్రా లోకల్ రైలు దొరికితే యూనియన్ స్టేషన్‌కు సుమారు ముప్పావు గంట. అన్నిచోట్లా ఆగే బండి ఎక్కితే గంట పైమాటే. మీరు మాత్రం రైలు సమయం ఒక్కటే లెక్కేసుకోకండి. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా లెక్కపెట్టండి. స్టేషన్‌కు కారులో వెళ్ళడం, పార్కింగ్, దిగాక ఆఫీసుకు నడక కలిపితే రోజుకు రెండున్నర, మూడు గంటలు ప్రయాణానికే పోవచ్చు. మధ్యాహ్నం పూట బండ్లు తక్కువ. పాపకు జ్వరమని కబురొస్తే వెంటనే రాలేరు. ఆ వేళకు ఇంట్లో ఎవరు ఉంటారో, వాళ్ళకు కారు నడపడం వచ్చో రాదో ముందే చూసుకోండి.

ఇప్పుడే కొనకండి. నేపర్‌విల్ డౌన్‌టౌన్ స్టేషన్‌కో, అరోరా సరిహద్దులోని రూట్ 59 స్టేషన్‌కో దగ్గర్లో ఒక ఏడాది అద్దెకుండండి. ఆ ఏడాదిలో చలికాలం తప్పకుండా అక్కడే గడపండి. 2019 జనవరి 30న చికాగో విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. రోజూ అంత చలి ఉండదు గానీ, జనవరి తెల్లవారుజామున రైలు కోసం నిలబడి చూశాక మీకే తెలుస్తుంది, ఈ బతుకు మీకు సరిపడుతుందో లేదో.

ప్రశ్న: మా బడ్జెట్‌లో ఒక ఇల్లు నచ్చింది. అడ్రసులో నేపర్‌విల్ అనే ఉంది, కాబట్టి స్కూలు గురించి చూసుకోనక్కర్లేదని ఏజెంట్ అన్నారు. కానీ ఆస్తిపన్ను చూసి భయమేసింది. హైదరాబాద్‌లో మా ఫ్లాటుకు కట్టేదానితో పోలికే లేదు. నేను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను. ముందుకెళ్ళమంటారా?
— ఒక పాఠకుడు, అరోరా

జవాబు: మూడు సంగతులు తేల్చుకోకుండా సంతకం పెట్టకండి.

మొదటిది బడి. తపాలా అడ్రసులో ఊరి పేరు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ సరిహద్దు వేరు. నేపర్‌విల్‌లో ఎక్కువ ఇళ్ళు 203, 204 డిస్ట్రిక్టుల్లోకి వస్తాయి. కొన్ని పక్క డిస్ట్రిక్టుల్లోకీ వెళ్తాయి. నేపర్‌విల్ సెంట్రల్, నార్త్ హైస్కూళ్ళు 203లోవి. న్యూక్వా వ్యాలీ, మెటియా వ్యాలీ, వాబన్సీ వ్యాలీ 204లోవి. వీటిలో చివరి రెండూ అరోరాలోనే ఉన్నాయి. అంటే నేపర్‌విల్ పేరు కోసం ఎక్కువ ధర పెట్టకుండా, అరోరా ఇంట్లో ఉంటూ అదే డిస్ట్రిక్టులో చదివించే వీలుంది. ఎవరి మాటా నమ్మకుండా, ఇంటి నంబరు చెప్పి ఏ బడి వస్తుందో డిస్ట్రిక్ట్ ఆఫీసునే అడగండి.

రెండోది పన్ను. అమెరికాలో ఆస్తిపన్ను బాగా ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఇల్లినాయ్ ఒకటి. ఇంటి విలువలో ఏటా సుమారు రెండు శాతం అనుకోండి. అయిదు లక్షల డాలర్ల ఇంటికి పది వేల డాలర్లు, కాస్త అటూ ఇటూ. అందులో పెద్ద వాటా బడులకే పోతుంది. ఈ ఏటి పన్నును మరుసటి ఏడు రెండు వాయిదాల్లో కట్టాలి. అందువల్ల అమ్మేవాళ్ళు తాము ఉన్నకాలపు పన్ను మీకు లెక్కగట్టి ఇవ్వాలి. ఆ అంకె లాయరు చేత సరిచూపించండి. కొత్తగా కట్టిన ఇల్లయితే మొదటి బిల్లు ఖాళీ స్థలానికే రావచ్చు. అది చూసి మురిసిపోకండి, మరుసటి ఏడు పూర్తి ఇంటికి వస్తుంది. సొంతింట్లో ఉండేవాళ్ళకిచ్చే మినహాయింపుకు దరఖాస్తు పెట్టారో లేదో చూసుకోండి. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే ముందు టౌన్‌షిప్ అసెసర్‌ను, తర్వాత కౌంటీ రివ్యూ బోర్డును అడగొచ్చు. గడువు తక్కువ ఉంటుంది, ఉత్తరం రాగానే కదలండి. అప్పు ఎప్పుడో ఒకనాటికి తీరుతుంది, ఈ పన్ను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

మూడోది మీ వీసా. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి మీకుండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో మిగలకుండా డౌన్ పేమెంట్ కట్టకండి. ఈ మూడూ కుదిరితే నిశ్చింతగా కొనండి. చివరగా ఒకసారి కారు దిగి, ఆ ఇంటి చుట్టూ అరగంట నడవండి. నడిచి వెళ్ళగలిగిన పార్కో, బడో, లైబ్రరీయో ఒకటైనా ఉంటే ఆ ఇల్లు మంచిది. చదరపుటడుగులు కాస్త తగ్గినా పరవాలేదు.

ప్రశ్న: అక్కా, పెళ్ళయి హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చి ఏడాది దాటింది. విజయవాడలో ఉద్యోగం చేసేదాన్ని. ఇక్కడ ఆయన ఆఫీసుకెళ్ళాక ఇంట్లో నేనొక్కదాన్నే. పాల ప్యాకెట్ కావాలన్నా కారు కావాలి, నాకు డ్రైవింగ్ రాదు. అమ్మకు ఫోన్ చేస్తే ‘అంత ఇంట్లో ఉన్నావు, నీకేం తక్కువే’ అంటుంది. ఊరికే ఏడుపొస్తోంది.
— నేపర్‌విల్ నుంచి ఒక చెల్లెలు

జవాబు: చెల్లెమ్మా, నీ ఏడుపుకు కారణం ఉంది. నిన్నటిదాకా నీ కాళ్ళ మీద తిరిగినదానివి, ఇవాళ ప్రతిదానికీ ఇంకొకరి తీరిక కోసం చూడాల్సి వస్తోంది. అది అలవాటు కాకూడదు.

అన్నిటికంటే ముందు కారు నేర్చుకో. ఇల్లినాయ్‌లో హెచ్-4 వాళ్ళకు లైసెన్సు ఇస్తారు. రాత పరీక్ష పుస్తకం ఉచితం, వారంలో చదివేయొచ్చు. నేర్పించే పని మీ ఆయనకు పెట్టకుండా డబ్బిచ్చి డ్రైవింగ్ స్కూల్లో చేరు. ఇంట్లో గొడవలుండవు, పద్ధతిగా వస్తుంది. ఈ ఊళ్ళో స్టీరింగ్ చేతికొచ్చిన రోజున నీ బతుకు సగం మారుతుంది.

తర్వాత చదువు. హెచ్-4 మీద చదువుకోవచ్చు. కాలేజ్ ఆఫ్ డుపేజ్ లాంటి కమ్యూనిటీ కాలేజీలో ఫీజు విశ్వవిద్యాలయాలకంటే చాలా తక్కువ. ఉద్యోగానికి మాత్రం వర్క్ పర్మిట్ కావాలి. 2015 నుంచి ఉన్న నిబంధన ప్రకారం మీ ఆయన గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం పొంది ఉంటే దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ఏ దశలో ఉందో కూర్చోబెట్టి అడుగు, నీకు తెలియాల్సిన విషయం అది. ఈలోగా లైబ్రరీలోనో, ఆదివారం తెలుగు నేర్పే మనబడి తరగతుల్లోనో సేవ చెయ్యి. వారానికి రెండుసార్లు నిన్ను పేరుపెట్టి పిలిచే చోటు ఒకటి ఉండాలి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, దేని మీదా మనసు పోకపోతే డాక్టరుకు చెప్పు. ఎండ తక్కువయ్యే చలికాలంలో ఈ దిగులు చాలామందికి వస్తుంది, వైద్యం ఉంది. భరించలేననిపిస్తే మానసిక సహాయం కోసం 988కి ఫోన్ చెయ్యి, ఏ వేళైనా మాట్లాడతారు.

మీ ఆయనకు ఒక మాట: బాబూ, ఆమె సంపాదన ఆగింది, స్నేహాలు ఆగాయి, తిరగడం ఆగింది. డ్రైవింగ్ ఫీజు ఈ వారమే కట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఆరు నెలలు ఉండి వెళ్ళమని పిలుస్తున్నాడు. నాకు 66 ఏళ్ళు, బీపీ, షుగర్ ఉన్నాయి. పోయినసారి వెళ్ళినప్పుడు కిటికీలోంచి చూడ్డమే సరిపోయింది. ఈసారి వద్దనాలని ఉంది, మనవరాలిని చూడాలనీ ఉంది.
— ఒక అమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, వెళ్ళండి. ఈసారి మీ షరతుల మీద వెళ్ళండి.

ఏప్రిల్ చివరలోనో మే మొదట్లోనో దిగి, దీపావళి లోపు వచ్చేయండి. ఆ నెలల్లో ఆ ఊరు నడవడానికి హాయిగా ఉంటుంది. నది వెంబడి రివర్‌వాక్ అని ఇటుక బాట ఉంది. పట్టణం పుట్టి 150 ఏళ్ళయిన సందర్భంగా 1981లో జనం పూనుకుని వేశారు. దాని పక్కనే పాత రాతి క్వారీని నీళ్ళతో నింపి చేసిన సెంటెనియల్ బీచ్ ఉంది. వేసవిలో మనవరాలు అక్కడ ఈతకు దిగుతుంటే మీరు ఒడ్డున కూర్చోవచ్చు. అరోరా బాలాజీ గుడి కారులో దగ్గరే. మన పూజలు, మన ప్రసాదం, మాట్లాడ్డానికి మీ వయసువాళ్ళు దొరుకుతారు.

టికెట్ కొనక ముందే అబ్బాయితో మాట ఖాయం చేసుకోండి. వారంలో ఒక రోజు గుడి, ఒక సాయంత్రం లైబ్రరీ, రోజూ ఎవరో ఒకరు తోడుగా అరగంట నడక. ‘వీలైతే చూద్దాం’ అంటే కుదరదు, క్యాలెండర్‌లో రాయమనండి.

ఆరోగ్య బీమా బయల్దేరే ముందే తీసుకోండి. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా చూడండి, చాలా పాలసీలు బీపీ, షుగర్‌లకు వర్తించవు. మందులు, డాక్టరు చీటీతో సహా, చేతిసంచీలో పెట్టుకోండి. ఎన్నాళ్ళు ఉండొచ్చో విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు, ఆ తేదీ అబ్బాయి చేత చూపించుకోండి.

ఇంట్లో జాగ్రత్తలు రెండు. పోపు పెట్టేముందు పొయ్యి మీది ఫ్యాను వేయండి, లేకపోతే పొగకు అలారం మోగి మీరు హడలిపోతారు. ఇంటి అడ్రసు, అబ్బాయి ఫోన్ నంబరు, మీ జబ్బులు, మందుల పేర్లు ఇంగ్లీషులో రాసిన కాగితం చెంగునో, పర్సులోనో ఉంచుకోండి. ఆపద వస్తే 911కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు. సాట్ కోచింగ్, టెన్నిస్, రోబోటిక్స్ అన్నిట్లో చేర్చాం. అయినా ‘ఈ ఊళ్ళో ఏమీ లేదు’ అని గదిలోంచి రాడు. మేం ఇంకేం చేయాలి?
— ఒక తండ్రి, నేపర్‌విల్

జవాబు: ఇంకేమీ చేర్చకండి, ఒకటి తీసేయండి. మీ అబ్బాయికి లేనిది తనంతట తాను ఎక్కడికైనా వెళ్ళే వీలు. మీరు తెనాలిలో పెరిగినా, ఖమ్మంలో పెరిగినా ఆ వయసుకు సైకిలేసుకుని ఊరంతా తిరిగి ఉంటారు. అతనికి మంచి సైకిలు కొనివ్వండి. స్ప్రింగ్‌బ్రూక్ ప్రెయిరీలో గడ్డిమైదానాల మధ్య సైకిలు బాటలున్నాయి. స్నేహితులతో శనివారం చికాగోకు రైల్లో పంపండి. మ్యూజియం చూసి, ఏదో తిని, సాయంత్రానికి తిరిగిరావడం అతనికి ఏ క్లాసూ నేర్పని సంగతి.

పదిహేనేళ్ళకు డ్రైవర్ ఎడ్యుకేషన్‌లో చేరి పర్మిట్ తీసుకోవచ్చు. లైసెన్సుకు కనీసం తొమ్మిది నెలల పర్మిట్, 50 గంటల సాధన కావాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. ఆ 50 గంటలూ మీరే పక్కన కూర్చోండి. ముందుకు చూస్తూ నడిపే పిల్లాడు ఎదురుగా కూర్చుంటే చెప్పనివి చెబుతాడు. మీరు వినండి, మార్కుల ప్రస్తావన తేకండి.

ప్రశ్న: ఎనిమిదేళ్ళుగా ఇక్కడ సొంతింట్లో ఉంటున్నాం. వరంగల్ నుంచి వచ్చిన మా నాయిన ‘మీ వాడకట్టుల ఎవరెవరుంటరు బిడ్డా’ అని అడిగితే చెప్పలేకపోయిన. పక్కింటాయన పేరు నాకు తెల్వదు. శని, ఆదివారాలు మనోళ్ళ పార్టీలతోనే గడుస్తున్నయ్. ఇది తప్పా?
— ఒక పాఠకురాలు, నేపర్‌విల్

జవాబు: మనవాళ్ళతో గడపడం తప్పు కాదు తల్లీ. కానీ మనవాళ్ళు ఇరవై నిమిషాల దూరంలో ఉంటారు. పైపు పగిలినా, నాయిన కాలు జారినా ముందుగా రాగలిగేది పక్కింటివాళ్ళే. ఈ ఊళ్ళ కట్టడంలోనే ఒక చిక్కుంది. కారు తిన్నగా గ్యారేజీలోకి పోతుంది, తలుపు పడుతుంది, మనిషి మనిషికి ఎదురుపడడు. కాబట్టి ఎదురుపడేట్టు మనమే చేసుకోవాలి.

సాయంత్రాలు వెనక డెక్ మీద కాకుండా ఇంటి ముందు కుర్చీ వేసుకోండి. నాయినను అక్కడే కూర్చోబెట్టండి, పలకరింపులు ఆయనే మొదలుపెడతారు. మంచు పడ్డప్పుడు మీ బాట తీస్తూ పక్కింటి పెద్దవాళ్ళ బాట కూడా తీయండి. దీపావళికి నాలుగిళ్ళకు సకినాలు పంచండి. సిటీకి దరఖాస్తు పెట్టుకుంటే వీధి మూసి అందరూ కలిసి భోంచేయడానికి అనుమతిస్తారు, ఈ వేసవికి మీరే పూనుకోండి. స్కూల్ బోర్డు సమావేశాలకు, సిటీ కౌన్సిల్‌కు వెళ్ళండి. ఓటు లేకపోయినా అక్కడ మాట్లాడే అవకాశం ఉంది. ఇంత పన్ను కడుతున్న ఊరు మీది కూడా.

పాఠకులందరికీ ఇదే నా విన్నపం. మీ వీధిలో ఈ ఏడాది కొత్తగా దిగిన కుటుంబం ఏదో కనుక్కోండి. అక్కడ డ్రైవింగ్ రాని కోడలో, భాష రాని అత్తగారో ఉండొచ్చు. ఈ ఆదివారం వెళ్ళి తలుపు తట్టి, మీ పేరు చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి రండి.