మూడవ వంతు బలం: జపాన్ సోషలిస్టు పార్టీ ఉత్థాన పతనాలు

అధికారం చేపట్టిన పక్షాల చరిత్రను మనం శ్రద్ధగా చదువుతాము. అధికారం దక్కకపోయినా దేశగమనాన్ని ప్రభావితం చేసిన పక్షాలను అంతగా పట్టించుకోము. జపాన్ సోషలిస్టు పార్టీ అటువంటి పక్షం. దాని ఎన్నికల చరిత్ర రాజనీతిశాస్త్ర విద్యార్థులు పరిశీలింపదగినది.

యుద్ధంలో జపాన్ ఓడిపోయిన కొద్ది నెలలకే, 1945 నవంబరులో, ఈ పార్టీ ఏర్పడింది. 1947 ఎన్నికలలో దిగువసభలోని 466 స్థానాలలో 143 గెలిచి అన్నిటికంటె పెద్ద పక్షమయింది. దాని నాయకుడు కతయామా టెట్సు సంకీర్ణ ప్రభుత్వానికి ప్రధాని అయ్యాడు. కాని సొంత పార్టీలోని వామవర్గమే బడ్జెట్టును వ్యతిరేకించగా, ఆ ప్రభుత్వం ఏడాదైనా నిలువలేదు. 1949లో పార్టీ బలం 48 స్థానాలకు పడిపోయింది. 1951లో శాంతి ఒప్పందంపై భేదాభిప్రాయాలతో రెండుగా చీలి, 1955 అక్టోబరులో తిరిగి ఏకమయింది. మరుసటి నెలలోనే దానికి ప్రత్యర్థిగా లిబరల్ డెమోక్రటిక్ పార్టీ ఆవిర్భవించింది.

1958లో సోషలిస్టులకు 467 స్థానాలలో 166 లభించాయి. ఇది అధికారానికి చాలదు. కాని మూడవ వంతును మించిన సంఖ్య. జపాన్ రాజ్యాంగాన్ని సవరించాలంటే ఉభయసభలలోను మూడింట రెండువంతుల సభ్యుల ఆమోదం, ఆపై ప్రజాభిప్రాయ సేకరణ అవసరం. యుద్ధాన్ని, సైనిక బలాన్ని పరిత్యజించిన 9వ అధికరణాన్ని మార్చగోరిన పాలకపక్షానికి ఈ మూడవ వంతు అడ్డుగోడ అయింది.

అయితే ఆ గోడే పార్టీకి పరిమితి కూడా అయింది. నాటి పద్ధతిలో ఒక్కొక్క నియోజకవర్గం నుండి సాధారణంగా ముగ్గురు మొదలు ఐదుగురు సభ్యులు ఎన్నికయ్యేవారు. ఓటరుకు మాత్రం ఒకే ఓటు. అభ్యర్థులు ఎక్కువైతే సొంత ఓట్లే చీలుతాయి. అందువలన పార్టీ గెలుపు ఖాయమనుకున్న కొద్దిమందినే నిలిపింది. 1958 తరువాత మెజారిటీకి చాలినంతమంది అభ్యర్థులనైనా పోటీకి పెట్టలేదు! 1960లో మితవాద వర్గం వేరయింది. అదే సంవత్సరం అక్టోబరులో అధ్యక్షుడు అసనుమా ఇనెజిరో సభావేదికపైనే 17 ఏళ్ల యువకుని కత్తికి బలయ్యాడు. నగరాలలోని ఓట్లను కొమెయ్‌తో, కమ్యూనిస్టు పార్టీలు పంచుకున్నాయి. 1969లో దక్కినవి 90 స్థానాలే. అప్పటికి ఆ మూడవ వంతును ఇతర ప్రతిపక్షాలతో కలిపి లెక్కించవలసి వచ్చింది.

1986లో దోయ్ తకాకో అధ్యక్షురాలు కావడంతో పార్టీకి నూతనోత్సాహం కలిగింది. 3 శాతం వినియోగపు పన్ను, రిక్రూట్ కుంభకోణం ప్రజలకు ఆగ్రహం కలిగించగా, 1989 ఎగువసభ ఎన్నికలలో సోషలిస్టులు 46 స్థానాలు గెలిచి పాలకపక్షాన్ని వెనుకకు నెట్టారు. 1990లో దిగువసభ బలం 136కు పెరిగింది. కాని 1993లో 70కి తగ్గిపోయింది.

విచిత్రమేమనగా, ఈ క్షీణదశలోనే అధికారం లభించింది. 1994 జూన్‌లో చిరకాల ప్రత్యర్థి మద్దతుతో మురాయామా తొమిఇచి ప్రధాని అయ్యాడు. మరుసటి నెలలోనే ఆత్మరక్షణ దళాలు రాజ్యాంగబద్ధమేనని, అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని కొనసాగిస్తామని ప్రకటించాడు. పార్టీ మహాసభ ఆ మార్పును ఆమోదించింది సెప్టెంబరులో. 1995 ఆగస్టు 15న వలసపాలనకు, దురాక్రమణకు ఆయన చెప్పిన క్షమాపణ గౌరవింపదగినదే. అయినా నాలుగు దశాబ్దాలుగా దేనికోసం ఓటు వేశారో అది ఓటర్లకు కనబడలేదు. కొత్త ఎన్నికల పద్ధతి, సభ్యుల వలస కూడా తోడైనాయి. పేరు మార్చుకున్న పార్టీకి 1996లో 500 స్థానాలలో 15 మిగిలాయి, 2024లో ఒక్కటి.

రాజీపడడం రాజకీయాలలో నేరం కాదు. నాయకుడు ముందు మారి, అనుయాయులను తరువాత అడగడమే ఇక్కడి లోపం. కాని సీట్లు మాత్రమే లెక్కించి ఈ పార్టీ విఫలమయిందనడం తొందరపాటు. 1947లో అమలులోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో 2025 నాటికి ఒక్క అక్షరమైనా మారలేదు. దానిని కాపాడిన తొలి గోడ అల్పసంఖ్యాక పక్షమే. అల్పసంఖ్యకు ప్రజాస్వామ్యంలో గల విలువ ఇదియే.