కథలో వెరపు, నవ్వు

మన పై తరగతుల విద్యార్థులు కథలు వ్రాయుటయం దుత్సాహము గలవారు. వారి కథలలో దొంగలకును, పాములకును, తుపానులకును కొదవలేదు. అయినను ఆదినుండి తుదివరకు భయమే యుండుటచే, రెండు పుటలు గడచునప్పటికి చదువరికి భయము పోయి ఆవులింత వచ్చును. నడుమ హాస్యము చేర్చుడని చెప్పినచో, కొందరు కథ నాపి సంబంధములేని విదూషకు నొకనిని ప్రవేశపెట్టుదురు. అదియు మేలు గాదు. ఏ వస్తువు వెరపు పుట్టించునో దానినుండియే నవ్వును పుట్టవలయునని మా యభిప్రాయము.

ఆంగ్ల నవలాకర్తయగు డికెన్సు 1860-61 సంవత్సరములలో ప్రకటించిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' చూడుడు. పిప్ అను అనాథబాలుడు, చెరనుండి పారివచ్చిన ఖైదీకి జడిసి, అక్క యింటినుండి మాంసపు పిండివంటను, కొంత బ్రాందీని దొంగిలించును. సీసాలోని వెలితి తెలియకుండుటకై నీళ్లనుకొని మందుగా వాడు తారునీళ్లు పోయును. ఆనాడే క్రిస్మసు విందు. బాలునకు హితబోధ చేయుటలో అలుపెరుగని పంబుల్‌చూక్ అను బంధువు (అట్టివారు ప్రతి యింటను గలరు, ఉపాధ్యాయులను గూడ చేర్పవచ్చునేమో!) ఆ బ్రాందీని గుటుక్కున మ్రింగి, లేచి, దగ్గుచు గిరగిర తిరిగి వెలుపలికి పరుగెత్తును. మనము పకపక నవ్వుదుము. పిప్ మాత్రము బల్లకాలు గట్టిగా పట్టుకొని వణకుచుండును. మనకు నవ్వు తెచ్చిన దగ్గే వాని దొంగతనమును బయటపెట్టునట్లున్నది గదా! ఆ గండము గడచి వాడు కొంచెము ఊపిరి పీల్చుకొనునంతలో, అక్క ఆ పిండివంటను తెచ్చుటకు లేచును. పిప్ తలుపువైపు పరుగిడగా, ఎదుట బేడీలు పట్టుకొని సిపాయిలు! నడుమ నవ్వియుండకపోయినచో ఆ బేడీలు మన కంతగా గుండెదడ పుట్టించియుండవు.

ఇచట నవ్వులపాలయినవాడు పెద్దమనిషి. భయపడు బాలుడు గాడు. ఇది మరచినచో హాస్యము క్రూరమగును.

తెలుగున గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' నాటకమునను (1897, మార్పులతో 1909) ఈ నేర్పే కలదు. సుబ్బి అను పసిపిల్లను తండ్రి లుబ్ధావధానులను ముసలివాని కమ్మజూపగా, మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి పెండ్లికూతురుగా చూపును. ఆ వేషము మనలను నవ్వించును. అది బయటపడినచో సుబ్బి గతి యేమని గుండె పీకుచునే యుండును.

విద్యార్థులారా, మీ కథలో మిమ్ము మిక్కిలి భయపెట్టిన వస్తువు నొకదానిని తీసికొనుడు. దానిని చూచి నవ్వు వచ్చునట్టి ఘట్టమొకటి వ్రాసి, వచ్చు సోమవారము మాకు చూపుడు.