తల్లినోట పెరుగు పిల్లలు

పక్షి స్పర్శచేతను, చేప చూపుచేతను, తాబేలు తలంపుచేతను తమ సంతానమును పెంచునని పెద్దలు చెప్పుదురు. మాట సొగసైనదే గాని, చేపలలో పెక్కు జాతులు గుడ్లను నీట విడిచి మరలి చూడక పోవును. అట్టి చేపలలోనే గుడ్లను నోట దాచి పొదిగి, పిల్లలు ఈదనేర్చు వరకు ఆహారము మాని కాపాడు తల్లులును కలవు. సిక్లిడ్ కుటుంబమునకు చెందిన అనేక జాతులు అట్టివి. ఆఫ్రికా ఖండమందలి మలావి సరస్సు వానికి ప్రసిద్ధమైన పుట్టినిల్లు.

ఆ సరస్సున వలిసెపూవు వన్నె గల చిన్న చేప యొకటి కలదు. అరకులోయలో మెట్టల నిండ పూచిన వలిసెచేలను చూచినవారికి ఆ పసుపు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. శాస్త్రజ్ఞులు దానిని లాబిడోక్రోమిస్ అందురు. వేడుకకై చేపలను పెంచువారు దానిని గాజుతొట్లలో ఉంచుదురు.

ఆడుచేప చదునైన రాతిపై గుడ్లను పెట్టి, వెంటనే వెనుదిరిగి నోటిలోనికి తీసికొనును. ఈ తెగకు చెందిన మగచేపలలో పెక్కింటికి అడుగురెక్కపై గుడ్లవలె గుండ్రని మచ్చలుండును. విడిచిన గుడ్లనుకొని తల్లి ఆ మచ్చలకు నోరు చేర్చును. అప్పుడు మగచేప వీర్యము నోట ప్రవేశించి గుడ్లు ఫలించును. ఈ మచ్చల ప్రయోజనమును 1962లో వోల్ఫ్‌గాంగ్ విక్లర్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. మోసమే గాని, వంశమును నిలుపు మోసము!

వంశమును కూల్చు మోసమును కలదు. కోకిల కాకిగూటిలో గుడ్లు పెట్టుట ఎల్లరు ఎరిగినదే. టాంగన్యీకా సరస్సునందు మీసములు గల జెల్లజాతి చేప యొకటి, సిక్లిడ్లు గుడ్లు పెట్టు వేళ నడుమ దూరి తన గుడ్లను విడుచును. తల్లి వానినిగూడ నోట దాచుకొనును. జెల్లపిల్లలు ముందుగా వెలువడి, ఆ తల్లి నోటిలోనే ఆమె పిల్లలను తినివేయును. ఈ వింతను 1986లో జపాను శాస్త్రజ్ఞుడు టెట్సు సాటో లోకమునకు తెలిపెను.

మలావి చేపలు సుమారు మూడు వారములు పొదుగును. ఆ దినములలో తల్లి గదుమ ఉబ్బియుండును. నీటిని పుక్కిలించునట్లు అప్పుడప్పుడు గుడ్లను దొర్లించుచుండుటచే వానికి క్రొత్త నీరు తగులును. మేత వేసినను ఆమె సాధారణముగ ముట్టదు. బెదరిన యెడల గుడ్లను ఉమియుటయు, మ్రింగుటయు కలదు. కావున తొట్టిని మాటిమాటికి తట్టి చూడరాదు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. శీతకాలపు రాత్రులలో అచ్చట వేడిమి 10 డిగ్రీల కంటె తగ్గుట కలదు. ఈ చేపలకో 24 మొదలు 28 డిగ్రీల వరకు వేడిమి కావలెను. నీటిని వేడిచేయు విద్యుత్ సాధనమును, ఉష్ణమాపకమును తొట్టిలో ఉండవలసినదే. విద్యుత్తు ఆగిన రాత్రి తొట్టి ప్రక్కలకు కంబళి చుట్టిన వేడి త్వరగా పోదు. గాలికై పైభాగమును మాత్రము మూయరాదు. మలావి నీరు కొంత క్షారగుణము కలది. తొట్టినీట సున్నము తక్కువైనచో సున్నపురాతి ముక్కలు కొన్ని వేయుదురు. వానిని అంగడిలో కొనవలెను గాని బొర్రాగుహలలో విరిచి తేరాదు. ఆ గుహలలో బొట్టుబొట్టుగా జారు నీటినుండి రాతికంబములు ఏర్పడుటకు వేల ఏండ్లు పట్టినది.

తల్లి నోరు విడిచిన పిల్లలను తక్కిన చేపలు క్షణములో మ్రింగును. అందుచే పదునెనిమిదవ దినము ప్రాంతమున, దీపము తగ్గించి, తల్లిని మెత్తని వలతో మెల్లగా పట్టి, అంతే వేడిమి గల నీరున్న చిన్న తొట్టికి మార్చవలెను. అందు సందులుండునట్లు రాళ్లు పేర్చవలెను. నీటిని బలముగా పీల్చి వడగట్టు యంత్రము పిల్లలనుగూడ పీల్చును. స్పంజి వడపోత మేలు. పిల్లలు వెలువడిన పిమ్మట పొడిచేసిన మేతను కొంచెము కొంచెముగా దినమునకు మూడు నాలుగు మారులు వేసి, మిగిలినదానిని తీసివేయవలెను. చిక్కిన తల్లిని వేరుగ నుంచి, కొన్నాళ్లు మేపిన పిదపనే పెద్దతొట్టికి చేర్చవలెను.

పిల్లలు పెరిగి తొట్టి చాలనప్పుడు అసలు చిక్కు వచ్చును. సత్యవ్రతుడు చేపపిల్లను కమండలమునుండి కడలి వరకు చేర్చిన కథ తలచి, గోస్తనీనదిలో విడుత మనుకొనువారు కలరు. కొండచలికి చచ్చునులే యనియు తలంపరాదు. గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రాగుహల మీదుగా వెచ్చని మైదానమునకు దిగి, తాటిపూడి జలాశయమున నిండి, భీమునిపట్నమువద్ద సముద్రమున కలియును. నోట పిల్లలను పొదుగు తిలాపియా చేపను 1952లో ఆహారమునకై మన దేశమునకు తెచ్చిరి. అది చెరువులు దాటి నదుల కెక్కి, దేశవాళీ చేపల మేతకును చోటునకును పోటీయైనది. నదికెక్కిన చేపను మరల ఏరివేయుట ఎవరి తరమును కాదు.

మిగిలిన పిల్లలను చేపల అంగడికి గాని, తొట్టి గల మరియొకరికి గాని ఇచ్చుట వాడుక. మగచేపను వేరు తొట్టిలో నుంచినచో క్రొత్తగుడ్ల బెడదయు ఉండదు.