పెరుగన్నం దాకా

గిద్దలూరు,
ఆదివారం.

చి. అమ్మలుకి,

  నీ దగ్గు తగ్గిందో లేదో రాయలేదు.

వాట్సాప్‌లో నువ్వు పెట్టిన ఆ పొడుగాటి మెసేజీ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చదివాను. మర్నాడే మీ అమ్మ ఫోను చేసి, "అది ఉద్యోగం మానేసి ధ్యానాలకు పోతుందంట బావగారూ, మీరన్నా చెప్పండి" అని ఏడ్చినంత పని చేసింది. నువ్వు రాసిందేమో విపశ్యన ధ్యానం కోర్సుకు పది రోజుల సెలవు. బెంగుళూరు నుంచి మీ అమ్మ చెవి దాకా వచ్చేసరికి అది సన్యాసమై కూర్చుంది. ఆమె సంగతి నీకు కొత్తా?  ఏదైతేనేం, ఉత్తరం రాస్తానని మాటిచ్చాను. ఫోనులో చెబితే నువ్వు "ఊఁ... ఊఁ..." అంటూ అవతల ఇంకేదో టైపు చేసుకుంటూ ఉంటావు. ఆ టకటక నాకు వినపడదనుకుంటావు. రైల్వేలో మోర్సు వింటూ ముదిరిన చెవులమ్మా ఇవి.

ముందు ఆ విపశ్యన సంగతి. పోయిరా, నాకే అభ్యంతరమూ లేదు. మా పెన్షనర్లలో ఒకాయన పోయొచ్చాడు, నువ్వు పోయే ధమ్మఖేత్తకే, వనస్థలిపురం వైపు నాగార్జునసాగర్ రోడ్డు మీదుండే దానికే. తెల్లారుజామున నాలుగింటికి గంట కొడతారట. ఫోను మొదటిరోజే తీసి దాచేస్తారట. తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట ఉండదు, కనుసైగ కూడా పనికిరాదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి వచ్చేదీ పోయేదీ చూసుకోవడమే పని, నాలుగో రోజు నుంచి ఒళ్ళంతా గమనించుకోవడం. ఫీజు లేదు, కోర్సు పూర్తి చేసినవాళ్ళ దగ్గరే విరాళం పుచ్చుకుంటారు. పదకొండింటికి భోజనం, సాయంత్రం ఐదింటికి కొత్తవాళ్ళకు టీ, పండు. రాత్రి భోజనం లేదు. నేను చెప్పుకుంటూ పోతుంటే మీ పెద్దమ్మ అక్కడ పట్టుకుంది. "పిల్లకు రాత్రి అన్నం పెట్టరా?" అని, నేనేదో ఆ నియమం పెట్టినట్టు నా మీద కళ్ళెర్రజేసింది.

ఉద్యోగం మానే ఆలోచన నిజంగా ఉంటే మాత్రం ఒక మాట విను. గోయెంకాగారు నీకు తెలుసు, 1969లో బర్మా నుంచి వచ్చి ఇక్కడ కోర్సులు మొదలుపెట్టినాయన. ఆయన గురువు ఉ బా ఖిన్ గురించి చదివావా? ఆయన మనవాడమ్మా, రైల్వేవాడు! 1941లో బర్మా రైల్వేలో అకౌంట్స్ ఆఫీసరు. స్టేషన్ స్టేషన్‌కీ పోయి లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం. అట్లా తిరుగుతూనే మాండలే దిగువన ఒక చిన్న స్టేషన్లో దిగి, అక్కడి కొండ మీదున్న వెబు సయడా అనే భిక్షువును చూడబోయాడు. నువ్వు నేర్చుకున్నది పదిమందికీ నేర్పమని ఆ భిక్షువు ఆయన్ను పురమాయించాడు. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948 జనవరి 4నే ఉ బా ఖిన్ ఆ దేశానికి అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం పెట్టాడు. పెట్టి, కుర్చీ వదిలేశాడా? 1967 దాకా సర్కారు కొలువులోనే ఉన్నాడు. గోయెంకాగారు 1955లో ఆయన దగ్గరికి వచ్చింది కూడా మోక్షం కోసం కాదు, తలనొప్పి భరించలేక. నాకీ కథంతా ఇష్టం. లెక్కల పుస్తకాల మధ్య కూర్చున్నవాడూ, తలనొప్పివాడూ కలిసి చేసిన పని ఇది. నీ మేనేజరు మంచివాడు కాకపోతే వేరే కంపెనీ చూసుకో, అది న్యాయమైన కారణం. ధ్యానం పేరు చెప్పి మాత్రం మానొద్దు.

ఇక నీ మెసేజీలో నన్ను కలచింది ఇంకొకటుంది. "ఉన్నచోటే ఉన్నాను పెదనాన్నా, నాతో చేరినవాళ్ళంతా ఎక్కడికో పోయారు" అన్నావు. బంగారుతల్లీ, ఆ మాట అర్ధరాత్రి ఒంటి గంటకు రాశావని దాని కిందే కనపడుతోంది. ఒంటి గంటకు ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది. దాని కింద ఒక పట్టీ పెట్టావు. ఐదింటికి లేవడం, డైరీ రాయడం, యాప్‌లో వరుస తప్పకుండా ధ్యానం, రోజుకిన్ని అడుగులు, నెలకిన్ని పుస్తకాలు. మేము డివిజన్ ఆఫీసుకు పంపే నెలసరి స్టేట్‌మెంటు గుర్తొచ్చింది. అందులోనూ అన్ని గళ్ళూ నిండి ఉండేవి, స్టేషన్ ఎట్లా నడుస్తోందో మాత్రం తెలిసేది కాదు. నీ పట్టీ మళ్ళీ మళ్ళీ చూశాను. అన్నం తినే గడి ఎక్కడా లేదు.

నవ్వుకో. నేను చెప్పబోయేది అదే.

దసరాకి వచ్చినప్పుడు చూశాను. నీళ్ళ చెంబుకు ఫోను ఆనించి పెట్టుకుని తిన్నావు. గోంగూరలో ఉల్లిపాయ నంజుకోమని మీ పెద్దమ్మ చెబితే, ఇంకా కలుపుకోకముందే "చాలా బావుంది పెద్దమ్మా" అన్నావు. పప్పన్నం అయింది, చారులో నాలుగు మెతుకులు, లేచి చెయ్యి కడుక్కున్నావు. మీ పెద్దమ్మ గరిటెతో పెరుగు తీసి పట్టుకునే ఉంది. నువ్వు చూడలేదు. ఆమె ఏమీ అనలేదనుకో, గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టేసింది.

పెరుగన్నం తినని భోజనం నా లెక్కలో పూర్తయినట్టు కాదు. ఎందుకంటే నేను స్టేషన్ మాస్టర్ని. నీకు ఎల్వీ బోర్డు, అంటే లాస్ట్ వెహికల్ బోర్డు గురించి ఎప్పుడైనా చెప్పానా? చెప్పే ఉంటాను, మళ్ళీ విను. బండి స్టేషన్లో ఆగకుండా పోతున్నప్పుడు మాస్టరు పచ్చజెండా పట్టుకుని ఊరికే అలంకారానికి నిలబడడు. అటుపక్క పోర్టరు, ఇటుపక్క మాస్టరు, ఇద్దరూ ఒక్కో పెట్టెనూ చూడాలి. ఇరుసు వేడెక్కి పొగ వస్తోందా, కింద ఏదన్నా వేలాడుతోందా, తలుపు తెరుచుకుని ఉందా, సరుకు పక్కకు జరిగిందా. ఇంజను పోయింది గదా అని వెనక్కి తిరగడానికి లేదు. ఆఖరి పెట్టె వెనక పగలైతే ఎల్వీ బోర్డు, రాత్రయితే ఎర్రదీపం కనపడాలి. అది కంటితో చూస్తేనే బండి మొత్తం వచ్చినట్టు. అప్పుడే వెనక స్టేషనుకు లైను ఖాళీ అయిందని చెప్పాలి. చూడకుండా చెబితే, వెనక కొండ మీద ఎక్కడో నాలుగు పెట్టెలు తెగి నిలబడి ఉన్నా ఇంకో బండి వాటి మీదికే వస్తుంది.

మీటర్ గేజి రోజుల్లో నేను నల్లమలలో, దిగువమెట్ట స్టేషన్లో చేస్తున్నప్పటి మాట. నల్లమల అంటే నీకు కారులో పోతూ ఫొటోలు తీసుకునే అడవి. మాకు రాత్రయితే ఆ చీకట్లో లాంతరు, బ్లాక్ గంట, కోతులు, అంతే. పెళ్ళయిన కొత్త. మీ పెద్దమ్మ ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆమె రాసే ఉత్తరాలు గార్డుల చేతుల మీదుగా వచ్చేవి, ఆ గార్డులు నన్ను ఎంత ఆటపట్టించేవాళ్ళో... సరే, అది ఇప్పుడెందుకు. అక్కడొక ముసలి పోర్టరు ఉండేవాడు. సంతకం రాదు, వేలిముద్రే. ఒక రాత్రి ఘాట్ దిగి వచ్చిన గూడ్సు ఆగకుండా పోయింది. టోకెను మార్చుకున్నాం, డ్రైవరు కేకేసి పోయాడు. పోర్టరు పట్టాలు దాటి వచ్చి, "ఎనక దీపం అగపళ్ళేదు సారూ" అన్నాడు. నాకూ కనపడలేదు. వెంటనే గిద్దలూరుకు చెప్పి బండి ఆపి చూడమన్నాం, వెనక స్టేషనుకు లైను ఇవ్వలేదు. అంతసేపూ వెనకాల ఒక పాసింజరు నిలబడిపోయింది. కంట్రోలరు ఫోనులో అరుపులు. కాసేపటికి గిద్దలూరు నుంచి కబురొచ్చింది. బండి నిక్షేపంగా ఉంది, గాలికి దీపం ఆరిపోయిందంతే.

నేనయితే ఇంత గొడవ చేశామే అని కొంచెం చిన్నబోయాను. ముసలాయన మాత్రం బీడీ ముట్టించుకుని, ఉండాల్సిన దీపం లేదు, లేదని చెప్పాం, ఇంక దిగులెందుకన్నాడు. ఆ తరవాత వచ్చిన పాసింజరును కూడా మొదటి పెట్టె నుంచి ఆఖరి పెట్టె దాకా అంతే శ్రద్ధగా చూశాడు. ఆయనకు ప్రమోషన్ రాలేదు. ఆయన "ఉన్నచోటే" ఉన్నాడు. నీ లెక్క ప్రకారం ఆయన్ను ఏ గడిలో వేస్తావో నాకు రాయి.

కాబట్టి అమ్మలూ, ఇంజను పోగానే మొహం తిప్పేసుకునే అలవాటు నీకు తిండి దగ్గరే మొదలైందని నా గట్టి నమ్మకం. ఎవరన్నా మాట్లాడుతుంటే సగంలోనే జవాబు తయారుచేసుకుంటావు. పుస్తకం ముప్పావు చదివి ఇంకోటి తెరుస్తావు. మొన్న పెళ్ళిలో తలంబ్రాలు కాకముందే ఫొటో పెట్టేసి కూర్చున్నావు. అన్నిటికీ మూలం పెరుగన్నం వదిలేయడమే! మీ పెద్దమ్మ ఇక్కడ, "మీ చాదస్తం కాకపోతే, దానికి జలుబు చేసి పెరుగు మానేసిందేమో" అంటోంది. జలుబైతే మజ్జిగలో మిరియప్పొడి వేసుకోమను.

నా మాట చాదస్తమనిపిస్తే అమెరికావాళ్ళ మాట విను. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్యకళాశాలలో, మందులతో తగ్గని నొప్పులవాళ్ళ కోసం ఒక తరగతి పెట్టాడు. ఇవాళ మీ ఆఫీసుల్లో, యాప్‌లలో నేర్పేదంతా చాలావరకు అక్కడి నుంచి పారినదే. అందులో మొదట్లోనే చేయించే సాధన ఏమిటో తెలుసా? ఒక ఎండుద్రాక్ష తినడం. చేతిలో పెట్టుకుని చూడాలి, వేళ్ళతో నలపాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని ఆగాలి, అప్పుడు నమలాలి. దీనికి అంత దూరం పోవాలా! మీ తాత కొర్రన్నం తినేటప్పుడు చూసి ఉంటే నీకు తెలిసేది. మొదటి ముద్ద కాకికి తీసి పక్కన పెట్టి, ఇక పెరుగు దాకా నోరు విప్పేవాడు కాదు. కోర్టు కాగితం వచ్చిన రోజూ అంతే. 

నువ్వే పోయినేడు నాకొక వ్యాసం పంపావు, 2010లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన గురించి. 2250 మంది ఫోన్లకు వేళకాని వేళల్లో ప్రశ్నలు పంపి, ఇప్పుడేం చేస్తున్నావు, మనసెక్కడుంది, ఎట్లా ఉన్నావు అని అడిగారు. 46.9 శాతం వేళల్లో మనసు చేసే పని మీద లేదట. చేసే పని ఏదన్న దానికన్నా, మనసు దాని మీద ఉందా లేదా అన్నదాన్ని బట్టే సంతోషం ఎక్కువ తెలిసిందట. నువ్వు అది పంపి కింద బొటనవేలు బొమ్మ పెట్టావు. నేను దాన్ని అచ్చు తీయించి దాచుకున్నాను. పంపినవాళ్ళకన్నా అందుకున్నవాడే శ్రద్ధగా చదివాడని చెప్పుకోవడం నాకు గొప్పే. అయితే ఆ పరిశోధకులతో నాకొక పేచీ ఉంది. మనసు పోయిన చోటల్లా దుఃఖమేం ఉండదు. దిగువమెట్ట రాత్రుల్లో బండికీ బండికీ మధ్య నా మనసు మీ పెద్దమ్మ పుట్టింటికి పోయొచ్చేది. గంట మోగగానే తిరిగొచ్చేది, అంతవరకు చాలు. నీ ధ్యానంలో కూడా మనసు పారిపోయిందని నిన్ను నువ్వు తిట్టుకోకు. అసలే నీకు ఆ జబ్బుంది, చిన్నప్పుడు ఒక్క మార్కు తగ్గితే అటక కింద దాక్కునేదానివి. నిన్ను బయటికి రప్పించడానికి నేనెన్ని వేషాలు వేసేవాణ్ణో.

తృప్తి గురించి అడిగావు, ఉన్నదానితో సరిపెట్టుకోవడమేనా అని. జీతం విషయంలో సరిపెట్టుకోకు. నీతో సమానంగా చేసేవాడికి నీకన్నా ఎక్కువిస్తున్నారని తెలిస్తే గట్టిగా అడుగు, యూనియన్‌లో ఉన్నవాణ్ణి చెబుతున్నాను. తృప్తి పేరు చెప్పి ఎదుటివాడు మన నోరు మూయించడం నేను చాలాసార్లు చూశాను. నేననేది అది కాదు. తిన్నాక తిన్నట్టు తెలియాలి, పని అయ్యాక అయిందని తెలియాలి, అంతే. ఆ ముసలాయనకు బండి పోయిందని తెలిసేది, అందుకే బీడీ తాగగలిగాడు. నీకు శుక్రవారం రాత్రయినా వారం అయిపోయిందని తెలియడం లేదు.

ఇప్పుడు చేయాల్సింది. ఐదింటికి లేవడం మానేసి ఆరింటి దాకా పడుకో. ఆ పట్టీలో ఇంకేమీ కలపకు. రోజుకు ఒక్క పూట, మధ్యాహ్నం ఆఫీసులో కుదరకపోతే రాత్రి, ఫోను ఇంకో గదిలో పెట్టి అన్నం తిను. ధ్యానమనుకోకు, వరుస లెక్కపెట్టకు, ఎవరికీ చెప్పకు. పెరుగు కొనుక్కోకు, ఇంట్లో తోడు పెట్టుకో. పాలు గోరువెచ్చగా ఉండగా తోడు వేయాలి, మరీ వేడిగా ఉంటే విరిగి నీళ్ళు తేలుతుంది. మీ పెద్దమ్మ పాలలో వేలు పెట్టి చూస్తుంది, నువ్వూ అంతే చెయ్. బెంగుళూరు చలికి తోడు తొందరగా అందుకోదు, గిన్నెను గుడ్డలో చుట్టి పొయ్యి పక్కన పెట్టు.

కోర్సులో మోకాళ్ళు నొప్పెడితే కుర్చీ అడుగు. మొండికెయ్యకు, నీ ఎడమ మోకాలు సంగతి వాళ్ళకు తెలియదు. పలచటి దుప్పటి పట్టుకుపో. పదో రోజు మాట్లాడనిస్తారట, ఫోను చేతికి రాగానే ముందు మీ అమ్మకు చెయ్యి, తరవాతే నాకు.

సంక్రాంతికి నువ్వు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వస్తానన్నావు. రిజర్వేషను ఒకప్పుడు 120 రోజుల ముందు తెరిచేవాళ్ళు, 2024 నవంబరు నుంచి 60 రోజులకే కుదించారు. అంటే నవంబరు రెండో వారంలో తీయాలి, సరిగ్గా అప్పుడు నువ్వు ఫోను లేకుండా ఊపిరి చూసుకుంటూ ఉంటావు. అందుకని నువ్వు ఏ తేదీన బయల్దేరేదీ ముందే రాసి పంపు. ఇక్కడి కౌంటర్లో తెలిసిన కుర్రాడే ఉన్నాడు, పొద్దున్నే పోయి నేనే తీస్తాను. కింది బెర్తు అడుగుతాను, దొరక్కపోతే నన్ననకు.

కందిపొడి, మాగాయ బస్సు పార్సిల్లో వేశాం. మాగాయ పెరుగన్నంలోకి.

ఇట్లు,
మీ పెదనాన్న